తెలియదని చెప్పని స్కానర్

కడపలో కలెక్టరేట్‌కు పోయే దారిలో నాకొక చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. దరఖాస్తులు నింపడం, ఫొటోలు అంటించడం, ఎవరి పేరులో ఏ అక్షరం తప్పు పడిందో చూసి దిద్దించడం నా పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వచ్చేవాళ్లందరికీ తెలుసు. అయినా వస్తారు, ఎందుకంటే నేను నింపిన ఫారం తప్పుందని వెనక్కి రాదు. ఆ మాట నేనే పదిమందిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా రోడ్డులో పురుగు కూడా కదలదు. ఆ రెండు గంటలూ షట్టర్ సగానికి దించి, కంప్యూటర్లో ఒక ఆట ఆడేదాన్ని. కాల్చుకుంటూ పరిగెత్తే ఆట కాదు, కూర్చుని ఆలోచించే ఆట. నక్షత్రాల మధ్య మనకొక చిన్న రాజ్యం ఇస్తారు. ఓడలు కట్టించాలి, ఖాళీ గ్రహాలు వెతకాలి, పరిశోధనలు చేయించాలి, ఎదురుపడిన కొత్త జాతితో స్నేహమో యుద్ధమో తేల్చుకోవాలి. నలభైకి దగ్గరపడిన ఆడమనిషికి ఇదేం పిచ్చి అని మా ఆయన చాలాకాలం నవ్వాడు. నవ్వని మనిషి మా అన్న ఒక్కడే.

అన్న నాకంటే ఏడేళ్లు పెద్ద. నేను ఆయనను 'నా' అని పిలుస్తాను, ఆయన నన్ను 'పాపా' అంటాడు. రాజంపేట అవతల మా ఊళ్లో ఉంటాడు. మిల్లుకు సెలవు దొరికిన రోజు బస్సెక్కి కడపకు వచ్చి, నా సెంటర్లో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేవాడు. వదిన కట్టిచ్చిన శెనిక్కాయల పొట్లం విప్పి, పొట్టు జేబులో వేసుకుంటూ, గింజలు నా కీబోర్డు పక్కన పెడుతూ, నా ఆట చూసేవాడు. ఇంగ్లీషు రాదు, మౌసు పట్టడం రాదు. చూడడం మాత్రం వచ్చు. మా అన్న చూసినట్టు చూసేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

మిల్లు అన్నాను కదా, అది ముగ్గురాయి పొడి కొట్టే మిల్లు, కాగితాల్లో బెరైటీస్ అని రాస్తారు. మంగంపేట చుట్టుపక్కల వాళ్లకు ఆ రాయి గురించి చెప్పనక్కర్లేదు. బూడిదరంగులో మామూలు రాయిలాగే ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం చెయ్యి కిందకి దిగుతుంది. అంత బరువు. దాన్ని పిండిలాగా కొట్టి, సంచుల్లో పోసి, ఎక్కడెక్కడికో ఓడల్లో పంపుతారు. మా అన్న అందులో పద్దెనిమిదేళ్లు చేశాడు. మొదట పొడి సంచులకు పట్టే పని, తర్వాత లారీలో దిగిన రాయిని చూసి ఏది ఏ రకమో విడదీసే పని. చేత్తో ఎత్తి, ఎండకు తిప్పి చూసి, రకం చెప్పేస్తాడు. పరీక్షకు పంపితే అదే వచ్చేదంట.

ఒకరోజు ఆటలో నా చిన్న ఓడ ఒకటి కొత్త నక్షత్రం దగ్గరికి పోయింది. అక్కడ అంతవరకూ ఎప్పుడూ చూడని జాతి ఓడ ఒకటి నిలబడి ఉంది. నేను దాని మీద నొక్కాను. మన ఓడలోని స్కానర్ చూసి చెప్పినట్టు పక్కన పెద్ద జాబితా వచ్చింది. దాని పైతొడుగు ఏ లోహంతో చేశారు, ఎన్ని ఫిరంగులున్నాయి, ఏ రకం కిరణం వాడుతుంది, ఇంజను పేరేమిటి, అన్నీ ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ తెలుగులో చదివి చెబుతున్నాను. అన్న గింజ నోట్లో వేసుకోబోయి ఆగాడు.

"ఆ ఓడ ఎవురిదో తెలీదంటివి గదా పాపా."

"తెలీదునా. ఇప్పుడే మొదటిసారి కనపడింది."

"మనకాడ ఆ కిరణం ఉండాదా?"

"లేదు. అది కనుక్కోవాలంటే ఇంకా శానా పరిశోధన చెయ్యల్ల."

"మరి మనం కనుక్కోని దాని పేరు మన మిషనుకు ఎవురు చెప్పినారు?"

నాలుగేళ్లుగా ఆడుతున్నాను, ఒక్కసారైనా నాకా ప్రశ్న రాలేదు. జాబితా వచ్చింది కాబట్టి చదివాను. తెర మీద వచ్చిన దాన్ని చదవడమే నా బతుకు కదా. ఆ మాటే అంటే అన్న నవ్వి, "నేను రాయి ఎత్తి చూసి బరువు చెప్తా, రకం చెప్తా. అది పోయి ఏ దేశంలో ఏం పనికొస్తాదో నాకు తెలుసునా? సముద్రం అవతల చమురు బావుల్లో పోస్తారంట. ఎందుకు పోస్తారో నాకు తెలీదు. రాయిని చూస్తే అది తెలిసేది కాదు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆ ఆట ఆడేవాళ్ల ఆన్‌లైన్ గుంపులో నేనొక పెద్ద ఉత్తరం రాశాను. దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది? ఓడ ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. ఎంత చురుగ్గా మలుపు తిరిగిందో చూసి బరువు అంచనా కట్టొచ్చు. మెరుపును బట్టి పైపూత గురించి కొంత ఊహించొచ్చు. అంతే. లోపల ఏముందో, దాని పేరేమిటో, అది ఏం చేస్తుందో, మనకు తెలియని విద్య మన స్కానర్‌కు ఎలా తెలుస్తుంది? అది రాస్తే ఎక్కడెక్కడి వాళ్లో మీద పడ్డారు. ఆట ఆటే, అందులో నిజం వెతుకుతారా అన్నారు కొందరు. అది స్కానర్ చూసింది కాదు, ఆడేవాళ్ల సౌకర్యం కోసం పెట్టిన జాబితా అన్నాడొకడు. నేను ఊరుకుంటానా. వారం రోజులు ఒకరికి ఒకటి చొప్పున జవాబులు ఇచ్చాను. మా ఆయన, "దరఖాస్తు తిప్పి పంపినోళ్లతో కూడా నువ్వు ఇంత పోట్లాడలేదు" అన్నాడు.

ఆ వాదనలో ఒకరి మాట మాత్రం నాకు నచ్చింది. మొదటిసారి ఏమీ తెలియకూడదు, దెబ్బ తిన్నాక, దెబ్బ ఎలా ఉందో చూసి, మనమే దానికొక పేరు పెట్టుకోవాలి, తర్వాత దాని శకలాలు ఏరుకొచ్చి మెల్లగా నేర్చుకోవాలి అని. ఆ ఆట ఫైళ్లను మనకు కావలసినట్టు మార్చుకునే వీలుంది. నేను రెండు నెలలు కుస్తీపట్టి మార్చాను. ఇప్పుడు కొత్త ఓడ మీద నొక్కితే బరువు, వేడి, వేగం మాత్రం వస్తాయి. మిగతా గళ్లన్నింట్లో "తెలియదు" అని తెలుగులో వస్తుంది. మా అన్న ఆ నాలుగక్షరాలు తెర మీద చూసి చాలా సంతోషపడ్డాడు.

"ఇప్పుడు నిజంగా ఉండాది పాపా. మన పక్క ఈ మాట చెప్పేటోడు యాడుండాడు? బోరుకు పాయింటు పెట్టేటోడు టెంకాయ పట్టుకోనొచ్చినా, మిషను తెచ్చినా, ఇన్ని అడుగులకు నీళ్లుండాయనే చెప్తాడు. తెలీదు అన్నోడు ఒక్కడన్నా ఉండాడా?"

మా నేలలో వేసిన బోర్లు ఒకదాని తర్వాత ఒకటి అన్నీ ఎండినవే. అందుకే ఆయన మిల్లుకు పోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మిల్లు పని మా ఇంట్లో ఎవరూ పని అని అనలేదు. మాది నేల ఉన్న ఇల్లు. మా నాయన ఉన్నన్నాళ్లూ, మీవాడు ఏం చేస్తున్నాడని ఎవరడిగినా "సేద్యం" అనేవాడు. నేలలో గడ్డి కూడా మొలవని ఏడు కూడా ఆ మాటే. అన్న పొద్దున్నే క్యారియర్ సంచిలో పెట్టుకుని, "మిల్లు దాకా పోయొస్తా" అని, సంతకు పోయినట్టు చెప్పి పోయేవాడు. పద్దెనిమిదేళ్లు రోజూ పోయొచ్చాడు. రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, పిల్లల బడి కాగితాల్లో, అన్నింట్లో వృత్తి అన్నచోట వ్యవసాయం. వాటిలో సగం నేను నింపినవే. అది అబద్ధమని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నేల ఉంది, కాబట్టి రైతు. మా పక్క ఎవరినడిగినా అదే చెబుతారు.

ఆట సంగతికి వస్తాను. గళ్లన్నింట్లో తెలియదు, తెలియదు అని చూసి చూసి నాకే విసుగు పుట్టింది. సగం తెర ఖాళీ. అప్పుడొక తెలివి చేశాను. స్కానర్ ఆ బరువునీ వేడినీ మనకు తెలిసిన ఓడలతో పోల్చి, అన్నింటికంటే దగ్గరగా ఉన్నదాని పేరు చూపించేటట్టు మార్చాను. అలా మార్చిన రెండో రోజే, బరువుగా నిదానంగా వచ్చిన ఒక ఓడను స్కానర్ సరుకు ఓడ అని చూపించింది. నేను పట్టించుకోలేదు. అది మూడు ఎత్తుల్లో నా మూడు గ్రహాలను బూడిద చేసింది. అన్న ఆ రోజు పక్కనే ఉన్నాడు.

"తెలీదని చెప్పింటే జాగ్రత్తగా ఉండేవాళ్లం గదా. దగ్గరుండే పేరు ఎందుకు పెట్టల్ల?" అన్నాడు.

"ఖాళీగా ఉంటే బాగలేదునా."

"బాగలేకపోతే బాగలేదు. తీసెయ్."

తీసేశాను. ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు, నా చెవులతోనే విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తర్వాత వచ్చిన చలికాలంలో అన్నకు దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా తగ్గలేదు. మనిషి కూడా కొంచెం తగ్గాడు. నేనే కోప్పడి కడపకు పిలిపించి ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. చీటీ రాసే కిటికీ దగ్గర వివరాల కాగితం ఇచ్చారు. కాగితం కనబడితే నా చెయ్యి ఆగదు కదా. పేరు, వయసు, ఊరు రాశాను. వృత్తి అన్నచోట వ్యవసాయం అని రాశాను. తల ఎత్తి అన్నను అడగను కూడా అడగలేదు.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురు పెట్టెకు తగిలించాడు. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, ఎవరో సున్నం చిలకరించినట్టు. నా ఆటలో నక్షత్రాల పటం అచ్చం అలాగే ఉంటుంది. డాక్టరు చాలాసేపు చూసి, "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. అన్న, "సేద్యం సార్" అన్నాడు. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

ఆ ఎక్స్‌రే రిపోర్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది. చుక్కలు క్షయ లక్షణాలకు దగ్గరగా ఉన్నాయనీ, రోగి మిగతా వివరాలతో పోల్చి చూసుకోవాలనీ రాశారు. కఫం పరీక్షలో ఏమీ రాలేదు. రాకపోయినా కొందరికి ఉంటుంది, ఇన్ని చుక్కలు పెట్టుకుని ఊరికే ఉండలేం అని డాక్టరు మందులు మొదలుపెట్టాడు. ఆయనను నేను తిట్టలేను. ఎన్నోసార్లు తిట్టాలని చూశాను, నోరు రాలేదు. యంత్రం చుక్కలు చూపింది. మిగతా వివరాలు ఇవ్వాల్సింది మేము. మేము ఇచ్చింది వ్యవసాయం.

అన్న ఒక్క పూట కూడా మాత్రలు తప్పించలేదు. మిల్లుకు కొన్నాళ్లు పోలేదు, తర్వాత దగ్గు తగ్గిందని మళ్లీ పోయాడు. దగ్గు తగ్గింది కదా, మందు పనిచేస్తోందని అందరం అనుకున్నాం. అది మామూలు దగ్గని, దానంతట అదే తగ్గేదని ఎవరికి తెలుసు. మందులిచ్చేటప్పుడు నర్సు, "కండ్లు మసకగా కనిపిస్తే వెంటనే వచ్చి చెప్పల్ల" అంది. నేను విన్నాను, అన్న విన్నాడు. ఇద్దరం తల ఊపాం.

నాలుగో నెలలో అనుకుంటాను, అన్న స్టూలు మీద కూర్చుని ఆట చూస్తున్నాడు. పెద్ద యుద్ధం జరుగుతోంది. ఆ ఆటలో మన ఓడలు ఆకుపచ్చ చుక్కలు, శత్రువు ఓడలు ఎర్ర చుక్కలు. అన్న ముందుకు వంగి, "మనవి యావి పాపా, వాళ్లవి యావి?" అన్నాడు.

"పచ్చవి మనవి, ఎర్రవి వాళ్లవి. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

"నిద్ర పోతాండావా ఏంది? కండ్లు కడుక్కోనిరా పో."

ఆయన లేచి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు. వచ్చి కూర్చుని మళ్లీ ఏమీ అడగలేదు. ఆ రోజు ఆయనతో నేను ఎగతాళిగా అన్నాను, రకం చూసి చెప్పే మొనగాడివి నీకు ఎరుపూ పచ్చా తెలియడం లేదా అని. నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత పేపర్ చదవడానికి దూరం పెట్టుకుంటున్నాడని వదిన చెబితే, చత్వారం వచ్చిందని మేమే తేల్చేశాం. వయసు నలభై ఎనిమిది, రావాల్సిందే కదా. నేనే అద్దాల షాపుకు తీసుకుపోయి అద్దాలు పెట్టించాను. పెట్టుకుని, "బాగనే ఉండాది" అన్నాడు. బాగలేదని చెబితే నేను ఇంకో షాపుకు తిప్పుతానని, నాకు శ్రమ అని చెప్పలేదంట. ఆ అద్దాలతో ఇంకో నెల గడిచింది. ఆ నెల రోజులూ పొద్దున్నే ఆ మాత్ర మింగుతూనే ఉన్నాడు. ఆ నెల నా తలకు చుట్టుకుంది, ఇక వదలదు.

మిల్లులో రాయి రకం తప్పు చెప్పాడు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. మర్నాడు మళ్లీ తప్పే చెప్పాడు. సూపర్‌వైజర్, "ఏమప్పా, కండ్లు కనపడతాండాయా లేదా?" అని అడిగితే ఇంటికొచ్చి వదినతో చెప్పి ఏడ్చాడంట. అప్పుడు పరిగెత్తాం.

ఈసారి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది వేరే డాక్టరమ్మ. కర్నూలు పడమటి పక్క ఆమె, మాటలో తెలిసిపోతుంది. మళ్లీ ఎక్స్‌రే తీయించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసింది. అయిదు నెలలు మందు మింగినా ఒక్క చుక్క తగ్గలేదు, ఒక్కటి పెరగలేదు. ఆమె కుర్చీ మా వైపు తిప్పుకుంది.

"ఏం పనిన్నా నీది?"

"సేద్యం మేడమ్."

నేను మళ్లీ తల ఊపాను. అంత జరిగాక కూడా.

ఆమె కాగితం మీద రాయలేదు. పెన్ను పక్కన పెట్టి, "ఈ యేడు ఏం పంట పెట్టినారు?" అని అడిగింది. అన్న భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"బోరులో నీళ్లుండాయా?"

"లేవు మేడమ్."

"ఎన్నాళ్ల నుంచి లేవు?"

"శానా ఏండ్లయింది."

"మా నాయన కూడా ఇట్లే చెప్తాడన్నా. నేలలో ఏమీ లేకపోయినా సేద్యమే అంటాడు. సరే, అది వదిలెయ్. పొద్దున లేసి యాడికి పోతావు?"

అన్న నా వైపు చూశాడు. నాకు ఆ చూపు మరిచిపోవడం కుదరదు. బడిలో చెప్పని పాఠం అడిగినట్టు చూశాడు.

"మిల్లుకు," అన్నాడు.

"ఏం మిల్లు?"

"ముగ్గురాయి మిల్లు."

ఆమె అప్పుడు పెన్ను తీసి రాసుకుంది. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది. కడుపులో పేగులు ఎక్స్‌రేలో కనిపించాలంటే రోగికి తెల్లటి ద్రవం ఒకటి తాపిస్తారు, అందులో ఉండేది ఈ రాయి పదార్థమే, దాని గుండా ఎక్స్‌రే దూరిపోదు, అందుకే తెల్లగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆ పొడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో అది అలాగే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. చూస్తే భయమేస్తుంది కానీ, ఆ చుక్కల వల్ల మనిషికి పెద్ద హాని ఉండదు. పొడికి దూరంగా ఉంటే ఏళ్ల మీద అవే పలచబడతాయి. ఇంకా ఒకటి రెండు పరీక్షలు చేయించి నిర్ధారించుకుందాం, కానీ ఇది క్షయ అని నాకు అనిపించడం లేదు అంది.

"మరి కండ్లు మేడమ్?" అని నేనడిగాను.

ఆ మందుల్లో ఒకదాని వల్ల కొందరికి కంటి నరం దెబ్బతింటుంది, మొదట ఎరుపూ ఆకుపచ్చా తేడా పోతుంది అంది. మందు ఇప్పుడే ఆపేస్తాం. కొందరికి చూపు తిరిగి వస్తుంది, కొందరికి రాదు.

"ఈయనకు వస్తాదా?"

"తెలీదమ్మా," అంది ఆమె.

ఆ మాట కోసమే కదా నేను గుంపులో వారం రోజులు పోట్లాడింది. రెండు నెలలు కూర్చుని తెర మీద ఆ మాట తెప్పించింది. డాక్టరమ్మ నోటి నుంచి వస్తే తట్టుకోలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, ఏదో ఒకటి చెప్పండి మేడమ్, దగ్గరగా ఉండేదేదన్నా చెప్పండి అని ఏడ్చాను. అన్నే నన్ను భుజం పట్టి బయటికి తీసుకొచ్చాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మెట్టు కాలితో తడుముతూ దిగాడు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. నేను తిట్టాను, ఆపుకోలేక. మిల్లని ఎందుకు చెప్పలేదునా, ఒక్క మాట చెప్పింటే పోయేదేముండె అని. అన్న అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు రాసినావు గదా పాపా. సరిగ్గానే రాసినావనుకుంటి," అన్నాడు.

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అది జరిగి సంవత్సరం దాటింది. చూపు కొద్దిగా తిరిగి వచ్చింది, అంటే మనిషి వచ్చాడని తెలుస్తుంది, మనిషెవరో మాట వింటే తెలుస్తుంది. అక్షరాలు కనిపించవు. ఇక ఇంతేనని పెద్ద ఆసుపత్రిలో కూడా చెప్పారు. బెల్టుల మధ్య, లారీల మధ్య తిరిగే పని కాబట్టి మిల్లు వాళ్లు వద్దన్నారు. వాళ్లదీ తప్పు కాదు. చేత్తో ఎత్తి బరువు చెప్పడం ఆయనకు ఇప్పటికీ వచ్చు, కానీ బరువు ఒక్కటే చాలదు, రంగు చూడాలి. మొన్న తీయించిన ఎక్స్‌రేలో చుక్కలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఆట నేను తీసేయలేదు. తీసేద్దామనుకుంటే అన్నే వద్దన్నాడు. ఇప్పుడు వదిన ఆయనను బస్సెక్కిస్తుంది, నేను బస్టాండుకు పోయి దింపుకుంటాను. స్టూలు మీద కూర్చుని శెనిక్కాయలు ఒలుస్తాడు, వేళ్లకు అలవాటే కాబట్టి. నేను తెర మీద ఉన్నదంతా చదివి చెబుతాను. కొత్త ఓడ వచ్చిందంటే, "బరువెంత?" అంటాడు. చెబుతాను. "వేడెంత?" అంటాడు. చెబుతాను. మిగతా గళ్లలో ఏముందని అడగడు.

పోయిన వారం చూపు లేనివాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టాం. నా సెంటర్లోనే, నా కంప్యూటర్లోనే. పేరు కొట్టాను, వయసు కొట్టాను, ఊరు కొట్టాను. వృత్తి అన్న గడి దగ్గరికి వచ్చి ఆగాను. ఈసారి అడిగాను. పక్కకు తిరిగి, అన్న ముఖం చూసి, గట్టిగా అడిగాను.

"ఏం రాయల్లనా ఈడ?"

అన్న పొట్టు జేబులో వేసుకున్నాడు. ముఖం తెర వైపే ఉంది, కళ్లు మాత్రం దాని మీద ఎక్కడా ఆనడం లేదు.

"మిల్లు లేదు గదా పాపా ఇంక," అన్నాడు. "నేలైతే ఉండాది. సేద్యమనే రాయి."

రాశాను.